క్రాక్: చప్పుడు నుంచి పగులు దాకా, పగులు నుంచి పరీక్ష దాకా

కారులో పక్క సీట్లో కూర్చున్న అమెరికన్ మిత్రుడు "క్రాక్ ద విండో" అన్నాడనుకోండి. అద్దం పగలగొట్టమంటున్నాడేంటని కంగారు పడక్కర్లేదు. అద్దం కొంచెం దించమంటున్నాడు, అంతే. ఆ మనిషే కాసేపటికి "క్రాక్ ఎ జోక్" అంటాడు, తన తమ్ముడు ఓ సైబర్ కేసు "క్రాక్" చేశాడంటాడు, తమ్ముడు పనిచేసేది "క్రాక్ టీమ్" అంటాడు. మన దగ్గరేమో పరీక్ష క్రాక్ చేసినవాడు హీరో, ఉట్టి క్రాక్ గాడు పిచ్చోడు. మాట ఒకటే, అర్థాలు ఇన్ని. పోటీ పరీక్షల ఫలితాలు వచ్చినప్పుడల్లా "ఎగ్జామ్ క్రాక్ చేయడం అనేది అసలు ఇంగ్లీషేనా?" అన్న వాదన కూడా మళ్లీ మొదలవుతుంది.

నిఘంటువు తెరిస్తే ఈ అర్థాలన్నీ ఒకదాని కింద ఒకటి, సంబంధం లేని మనుషులు క్యూలో నిలబడ్డట్టు కనిపిస్తాయి. నిజానికి ఇవన్నీ ఒకే కుటుంబం. మూలపురుషుడు ఒక చప్పుడు.

మొదట ఉన్నది చప్పుడే

పాత ఇంగ్లీషులో దీని రూపం "క్రాకియన్". గట్టిగా, పదునుగా చప్పుడు చేయడం అని అర్థం. జర్మన్‌లో "క్రాఖెన్", డచ్‌లో "క్రాకెన్" దీని చుట్టాలే. ఇలా చప్పుడును నోటితో అనుకరించగా పుట్టిన మాటల్ని మన వ్యాకరణంలో ధ్వన్యనుకరణాలు అంటారు. గలగల, టపటప, ఫెళఫెళ అన్నీ అవే.

అయితే ఈ చప్పుళ్లను వాక్యంలో పెట్టే పద్ధతిలో తెలుగుకీ ఇంగ్లీషుకీ పెద్ద తేడా ఉంది. ఈ క్రియ మనల్ని తికమక పెట్టడానికి అసలు కారణం అదే. తెలుగులో చెట్టుకొమ్మ "ఫెళ్లుమంది" అంటాం. అంటే కొమ్మ "ఫెళ్" అని అన్నది. చప్పుడుకి "అను" అనే క్రియ తగిలించి, ఆ వస్తువే మాట్లాడినట్టు చెబుతాం. తర్వాత ఏం జరిగిందో విడిగా మరో క్రియతో చెబుతాం: కొమ్మ ఫెళ్లుమని విరిగింది. గ్లాసు టప్పున పగిలింది. పిడుగు ఫెళ్లున పడింది. చప్పుడు ఒక మాట, జరిగిన పని ఇంకో మాట.

ఇంగ్లీషు ఈ రెండింటినీ ఒకే మాటలో కుక్కేస్తుంది. "ద బ్రాంచ్ క్రాక్డ్" అంటే కొమ్మ చప్పుడు చేసిందా, విరిగిందా, చప్పుడు చేస్తూ విరిగిందా? ఆ మాటలోనే అన్నీ ఉన్నాయి. ఏది ముఖ్యమో చుట్టూ ఉన్న సందర్భం చెప్పాలి. అందుకే "ద ఐస్ క్రాక్డ్" అనే చిన్న వాక్యాన్ని తెలుగు చేయాలన్నా ఆలోచించాల్సి వస్తుంది. గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తున్నవాడు ఆ చప్పుడు విని ఆగిపోయాడంటే "మంచు పెళ్లుమంది". వాడు కిందికి చూస్తే గీత కనిపించిందంటే "మంచు బీటవారింది". ఇంగ్లీషువాడు ఎంచుకోనక్కర్లేదు. మనం ఎంచుకోవాలి.

చప్పుడు పగులుగా మారిన వైనం

చప్పుడు పేరు ఆ చప్పుడుకి కారణమైన పనికి పేరుగా మారడం వింతేమీ కాదు. గట్టి వస్తువు పగిలేటప్పుడు అందులో బిగుసుకుని ఉన్న శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది. గాజులో పగులు సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో పాకగలదు. గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్ల చిల్లర మాత్రమే. మన చెవికి ఆ టప్పుమనే మోత, కంటికి ఆ గీత ఒకే క్షణంలో అందుతాయి. చప్పుడు ఎక్కడ ఆగిందో, పగులు ఎక్కడ మొదలైందో ఎవరూ విడదీసి చూడలేరు. భాష కూడా విడదీయలేదు. మధ్యయుగాల నాటికే "క్రాక్"కు చప్పుడుతో పగలడం అన్న అర్థం వచ్చేసింది. ఆ తర్వాత మిగిలిపోయే గీతకు, సందుకు కూడా అదే పేరు పడింది.

మన "చిట్లు" కూడా ఇలాంటిదే అనిపిస్తుంది. నిప్పులో చిటచిటమనేదీ, వేడినీళ్లు పోస్తే గాజుగ్లాసు చిట్లేదీ పక్కపక్కనే ఉన్న మాటలు. పైగా చిట్లు, చిట్లించు అని తనంతట తాను జరిగేదానికీ ఇంకొకరు చేసేదానికీ మనకు రెండు రూపాలున్నాయి. ఇంగ్లీషుకు ఒకటే రూపం: "ద కప్ క్రాక్డ్" అన్నా, "షీ క్రాక్డ్ ద కప్" అన్నా క్రియ మారదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. క్రాక్ అంటే ముక్కలవడం కాదు. "క్రాక్డ్ కప్" అంటే బీటవారినా ఇంకా కప్పుగానే ఉన్న కప్పు. "బ్రోకెన్ కప్" ముక్కలైన కప్పు. ఫోన్ స్క్రీన్ మీద సాలెగూడులా గీతలు పడి ఇంకా పనిచేస్తుంటే అది క్రాక్ అయినట్టు. తెలుగులో రెండింటికీ "పగిలింది" అనేస్తాం కాబట్టి ఈ తేడా జారిపోతుంది. అయితే కోడిగుడ్డు, బాదంకాయ దగ్గరికొచ్చేసరికి ఈ సూత్రం నిలవదు. అక్కడ క్రాక్ చేయడమంటే పెంకు పగలగొట్టి లోపలిది బయటికి తీయడమే. ఈ మినహాయింపును గుర్తుంచుకోండి, కోడ్‌లూ కేసులూ క్రాక్ చేయడానికి దారి ఇక్కడి నుంచే వెళుతుంది.

ఎముకల విషయంలో మాత్రం మన మాటల్లో ఒక తమాషా ఉంది. "విరగలేదట, క్రాక్ మాత్రమే వచ్చిందట" అని ఊరటగా చెప్పుకుంటాం. డాక్టర్ల లెక్కలో ఎముక మీద సన్నటి గీత పడినా అది ఫ్రాక్చరే. చిన్నదా పెద్దదా, ఎముక కదిలిందా లేదా అన్నదే తేడా.

చప్పుడే ఉంది, పగిలింది ఏమీ లేదు

చప్పుడు, పగులు కలిసి పుట్టినా ఎప్పుడూ కలిసే ఉండవు. కొరడానే తీసుకోండి. "క్రాక్ ద విప్" అన్నప్పుడు ఏదీ పగలదు. కొరడా విసిరినప్పుడు దానిలో ఏర్పడిన మెలిక పిడి నుంచి కొస వైపు పరుగెడుతుంది. కొసకు పోయేకొద్దీ తాడు సన్నబడి తేలికవుతుంది కాబట్టి వేగం పెరుగుతూ పోయి, చివరికి ధ్వని వేగాన్ని దాటుతుంది. మనం వినే ఆ ఛెళ్లుమనే మోత తోలు దేనికో తగలడం వల్ల వచ్చింది కాదు. సూపర్‌సోనిక్ విమానం వెనక వచ్చే పిడుగులాంటి మోతకు అది చిన్న తమ్ముడు. విమానాల కంటే ఎన్నో వందల ఏళ్ల ముందే పశువుల కాపరి చేతిలో ధ్వని వేగం ఓడిపోయిందన్నమాట.

ఇదే కొరడా ఇంగ్లీషులో అలంకారంగా కూడా మోగుతుంది. కింద పనిచేసేవాళ్ల మీద ఒత్తిడి పెట్టి పని చేయించడం "క్రాక్ ద విప్". మన పత్రికలు "అక్రమ నిర్మాణాలపై కొరడా ఝళిపించిన అధికారులు" అని రాసేది దాదాపు ఈ భావంతోనే. తేడా ఎక్కడంటే, ఇంగ్లీషు కొరడా మోతను పట్టుకుంది, తెలుగు ఆ కొరడా గాలిలో ఊగే ఊపును పట్టుకుంది. ఇంగ్లీషులో ఇలాంటి సర్కారీ దాడికి "క్రాక్ డౌన్" అనే విడి మాట ఉంది, నామవాచకంగా "క్రాక్‌డౌన్".

మెటికలు విరవడం ఇంకా చిత్రమైన ఉదాహరణ. ఇంగ్లీషులో "క్రాక్ యువర్ నకుల్స్", తెలుగులో "మెటికలు విరవడం". రెండు భాషలూ ఏదో విరుగుతున్నట్టే చెప్పాయి, నిజానికి విరిగేది ఏదీ లేదు. కీళ్ల మధ్య ఉండే జిగట ద్రవంలో వాయువులు కరిగి ఉంటాయి. వేలిని లాగినప్పుడు కీలు కాస్త ఎడమై అక్కడ ఒత్తిడి ఒక్కసారిగా తగ్గుతుంది, బుడగ ఏర్పడుతుంది. ఇంతవరకూ పేచీ లేదు. చప్పుడు బుడగ పుట్టినప్పుడు వస్తుందా, కూలినప్పుడు వస్తుందా అన్నది పాత తగాదా. 1947లో వచ్చిన పరిశోధన పుట్టుక వైపు మొగ్గింది, 1971 నాటిది కూలిపోవడమే కారణమంది. 2015లో కెనడా పరిశోధకులు ఎంఆర్‌ఐ కింద వేళ్లు లాగించి చూస్తే, చప్పుడు వచ్చిన తర్వాత కూడా బుడగ అలాగే ఉంది. అంటే పుట్టుకే కారణమన్నారు. 2018లో ఒక గణిత నమూనా, బుడగ పూర్తిగా కాకుండా కొంత కూలినా ఆ మాత్రం చప్పుడు వస్తుందని చూపించింది. తగాదా మళ్లీ మొదటికొచ్చింది.

విరుచుకుంటే కీళ్లు పాడవుతాయన్న భయం వెనక ఈ మాట ప్రభావం కూడా కొంత ఉందేమో. "విరవడం", "క్రాక్" అని విన్నాక భయం వేయకపోతేనే ఆశ్చర్యం. డొనాల్డ్ అంగర్ అనే అమెరికన్ వైద్యుడు 60 ఏళ్లకు పైగా ఒక్క ఎడమ చేతి మెటికలే విరుచుకుని, కుడి చేతిని వదిలేసి, చివరికి రెండు చేతుల్లోనూ ఆర్థ్రైటిస్ లేదని తేల్చారు. ఆయనకు 2009లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు సరదాగా ఇచ్చే బహుమతి అది. ఒక్క మనిషి రెండు చేతులతో ఏదీ రుజువు కాదు, కానీ అంత ఓపికకు ఏదో ఒక బహుమతి ఇవ్వాల్సిందే.

పగులే ఉంది, చప్పుడు లేదు

రెండో వైపు చూస్తే, చప్పుడు పూర్తిగా చచ్చిపోయి పగులు, సందు అన్న అర్థాలే మిగిలిన వాడుకలు ఉన్నాయి. మొదట్లో చెప్పిన కారు కిటికీ ఇందులోదే. తలుపో కిటికీయో సన్నటి సందు కనిపించేంత తెరవడమే "క్రాక్". చప్పుడు లేదు, నష్టం లేదు, బీటలాంటి సందు మాత్రం ఉంది. అమెరికన్లు "హీ డిడ్‌న్ట్ క్రాక్ ఎ బుక్" అంటే వాడు పుస్తకం తెరిచిన పాపాన పోలేదని అర్థం.

గొంతుకీ ఇదే క్రియ వాడతారు. దుఃఖంతోనో, మీసాలు మొలిచే వయసులోనో మాట్లాడుతూ ఉండగా గొంతు హఠాత్తుగా కీచుమని చీలితే "హిజ్ వాయిస్ క్రాక్డ్". ఒత్తిడికి తట్టుకోలేక మనిషి లొంగిపోవడం కూడా క్రాక్ అవడమే. విచారణలో నిందితుడు రెండు రోజులు నోరు మెదపక మూడో రోజు క్రాక్ అయ్యాడంటే నిజం కక్కేశాడని.

"క్రాక్ ఎ స్మైల్" నాకు అన్నిటికంటే ఇష్టమైనది. బిగుసుకున్న ముఖం మీద సన్నటి పగులులా నవ్వు కనిపించడం. ఎక్కువగా "లేదు"తోనే వస్తుంది: ఎంత నవ్వించినా పెదవి విచ్చలేదు అన్నట్టు. తెలుగులో మాత్రం ముఖం "చిట్లించాడు" అంటే చిరాకు పడ్డాడని. రెండు భాషలూ ముఖాన్ని పగలగొట్టాయి, ఒకరికి లోపల నవ్వు దొరికింది, ఇంకొకరికి విసుగు.

చప్పుడుకు బహుదూరం వెళ్లిపోయిన వాడుక పెట్రోలియం శుద్ధి కర్మాగారాల్లో ఉంది. బరువైన నూనెలోని పొడవాటి అణువులను వేడితో, ఒత్తిడితో చిన్న అణువులుగా తెగ్గొట్టి పెట్రోలు లాంటి తేలికపాటి ఇంధనాలు తీయడాన్ని "క్రాకింగ్" అంటారు. రష్యన్ ఇంజనీరు వ్లాదిమిర్ షుఖోవ్ 1891లో ఇలాంటి పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. అమెరికాలో విలియం బర్టన్ పద్ధతికి 1913లో పేటెంట్ వచ్చింది. అణువు తెగితే చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? అయినా పేరు క్రాకింగే.

విచిత్రమేంటంటే, ఇంతదూరం పోయిన చప్పుడు ఒకచోట తిరిగొచ్చింది. 1980లలో అమెరికాను వణికించిన "క్రాక్" అనే మత్తుపదార్థానికి, వేడి చేసినప్పుడు వచ్చే చిటపటల వల్లే ఆ పేరు పడిందని చెబుతారు. ఇంగ్లీషు వార్తల్లో "క్రాక్" ఒంటరిగా నామవాచకంలా కనిపిస్తే చాలాసార్లు ఇదే.

పెంకు పగలగొట్టి లోపలిది తీయడం: కోడ్, కేసు, పరీక్ష

ఇప్పుడు బాదంకాయ దగ్గరికి మళ్లీ వద్దాం. గట్టి పెంకు, లోపల విలువైన పప్పు. ఈ బొమ్మ ఒకసారి మనసులో పడ్డాక ఇనప్పెట్టె క్రాక్ చేయడం, రహస్య లిపి క్రాక్ చేయడం, హత్య కేసు క్రాక్ చేయడం తేలిగ్గా అర్థమవుతాయి. మనకు కొత్త ఊహ కూడా కాదు. "కేసును ఛేదించిన పోలీసులు" అంటాం కదా, సంస్కృతంలో ఛేదించడమంటే నరకడం, చీల్చడం. ఎవరికీ లొంగని సమస్యను ఇంగ్లీషువాళ్లు పగలని కాయ అంటే, మనం కొరకరాని కొయ్య అంటాం. పంటి దగ్గరే తేలింది రెండు చోట్లా.

ఈ వాడుకకు బాగా పేరు తెచ్చింది యుద్ధకాలపు రహస్య సందేశాలు. సందేశాలను రహస్య లిపిలోకి మార్చే జర్మన్ ఎనిగ్మా యంత్రం లోపలి తీగల అమరికను 1932 డిసెంబరులో పోలండ్ గణితవేత్త మారియన్ రెయెవ్‌స్కీ లెక్కగట్టి పట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పని ఇంగ్లండ్‌లోని బ్లెచ్లీ పార్క్ అనే రహస్య లిపుల కేంద్రంలో గణితవేత్త అలన్ ట్యూరింగ్ వంటివారి చేతుల్లో ముందుకు సాగింది. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, పాస్‌వర్డ్‌లు వచ్చాయి, కొనకుండా వాడుకునే "క్రాక్ వెర్షన్" సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. తమ పేరును దొంగలకు అంటగడుతున్నారని నొచ్చుకున్న హ్యాకర్లు 1985 ప్రాంతంలో "క్రాకర్" అనే మాట ముందుకు తెచ్చారు. వ్యవస్థల్ని ఇష్టంగా నేర్చుకునేవాడు హ్యాకర్, తాళం పగలగొట్టి దూరేవాడు క్రాకర్ అని వాళ్ల వాదన. పత్రికలు పట్టించుకోలేదు. జనానికి ఇప్పటికీ ఇద్దరూ హ్యాకర్లే.

మరి పరీక్ష సంగతి? ఇక్కడ రెండు వాదనలూ వినదగ్గవే.

తప్పు అనేవాళ్లు చెప్పేది ఇది. క్రాక్ చేయాలంటే లోపల దాగింది ఏదో ఉండాలి, ఒకసారి బయటపడితే ఇక దాగనిది అయి ఉండాలి. కోడ్‌కీ కేసుకీ ఆ గుణం ఉంది. పరీక్షకు లేదు, అది ఏటా వస్తుంది, వేలమంది ఒకేసారి గట్టెక్కుతారు. బ్రిటన్‌లోనో అమెరికాలోనో పెరిగినవాళ్లు పరీక్షకు "పాస్" అంటారు, అదరగొడితే "ఏస్" అంటారు. "ఐ క్రాక్డ్ ద ఎగ్జామ్" అంటే ప్రశ్నపత్రం దొంగిలించాడేమో అనుకున్నా అనుకుంటారు.

ఒప్పు అనేవాళ్ల మాట ఇంకోలా ఉంటుంది. పోటీ పరీక్ష స్కూలు పరీక్షలాంటిది కాదు. సిలబస్ చదివితే సరిపోదు, ప్రశ్నల తీరు, సమయం, నెగటివ్ మార్కులు అన్నీ కలిపి ఒక చిక్కుముడి. దాని కీలకం పట్టినవాడే నెగ్గుతాడు. అలాంటప్పుడు క్రాక్ కంటే సరైన మాట ఏముంది? పైగా అమెరికాలోనే కోడింగ్ ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లు ఇంటర్వ్యూను క్రాక్ చేయడం గురించి మాట్లాడుకుంటారు. కోట్లమంది రోజూ వాడే భారతీయ ఇంగ్లీషులో స్థిరపడిన వాడుకను బయటివాడి చెవికి కొత్తగా ఉందని తప్పు అనడం ఏం న్యాయం?

నాకు రెండో వాదనలో బలం ఎక్కువ కనిపిస్తుంది, కానీ ఆ బలం పోటీ పరీక్ష వరకే. "మా వాడు ఐదో తరగతి క్రాక్ చేశాడు" అంటే ఇంగ్లీషు ఎవరిదైనా నవ్వు వస్తుంది. పెంకు గట్టిగా లేనిచోట ఈ క్రియకు పని లేదు.

నోటి నుంచి వచ్చిన క్రాక్: జోకులు, గొప్పలు, కబుర్లు

నిఘంటువుల్లో అంతగా కంటపడని ఇంకో కొమ్మ ఉంది. చప్పుడు చేసేవి వస్తువులే కాదు, మనుషులూ చేస్తారు. 15, 16 శతాబ్దాల నాటికి "క్రాక్"కు గట్టిగా మాట్లాడటం, డంబాలు కొట్టడం అనే అర్థాలు వచ్చాయి. ఆ అర్థం చాలావరకు పాతబడిపోయింది, దాని పిల్లలు మాత్రం బతికే ఉన్నారు.

"క్రాక్ ఎ జోక్" ఈ ఇంటిదేనని భావిస్తారు. జోకును పగలగొట్టడం ఏంటని తలపట్టుకోనక్కర్లేదు, ఇది నోటి చప్పుడు. మనవాళ్లు దీన్ని "జోకు పేల్చాడు" అన్నారు. పగలడం కాకుండా పేలడాన్ని ఎంచుకోవడంలో తెలుగు చెవి చురుకు కనిపిస్తుంది. ఆ జోకుకి జనం "క్రాక్ అప్" అయ్యారంటే పగలబడి నవ్వారు. ఇక్కడైతే రెండు భాషలూ ఒకే బొమ్మ గీశాయి. అయితే జాగ్రత్త, "క్రాక్ అప్"కు మానసికంగా కుప్పకూలిపోవడం అనే అర్థం కూడా ఉంది. ఎవరైనా "హీ క్రాక్డ్ అప్" అంటే నవ్వాడా, కుప్పకూలాడా అన్నది ముందు మాటల్ని బట్టే తెలుస్తుంది.

గొప్పలు చెప్పడం నుంచి గొప్పగా పొగడటం వచ్చింది. "ఇట్స్ నాట్ ఆల్ ఇట్స్ క్రాక్డ్ అప్ టు బి" అంటే చెప్పుకున్నంత గొప్పగా ఏమీ లేదని. అలా పొగడ్త అందుకున్నది మేటి అయింది. "క్రాక్ షాట్" గురి తప్పని తుపాకి వీరుడు, "క్రాక్ టీమ్" ఏరి కూర్చిన నిపుణుల జట్టు. 18వ శతాబ్దం చివరి నుంచి ఈ విశేషణం ఉంది.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పేద తెల్లవారిని కించపరుస్తూ అనే "క్రాకర్" కూడా ఇక్కడిదేనని ఒక వాదం. వాళ్లు ప్రగల్భాలు పలుకుతారు కాబట్టి ఆ పేరొచ్చిందని 1766 నాటి ఒక బ్రిటిష్ అధికారి ఉత్తరంలో ఉంది. పశువుల్ని తోలుతూ కొరడా మోగించేవాళ్లు కాబట్టి అని ఇంకో వాదం. అంత పాత ఉత్తరం ఉంది కాబట్టి నేను మొదటిదాన్నే నమ్ముతాను. ఏదైనా, మనం టపాసులకు వాడే "క్రాకర్స్" అక్కడ ముందుగా ఉప్పు బిస్కెట్లను గుర్తుచేస్తుంది. టపాసులు కావాలంటే "ఫైర్‌క్రాకర్స్" అని పూర్తిగా చెప్పాలి.

ఐర్లండ్ కథ మరీ బాగుంటుంది. స్కాట్లండ్, ఉత్తర ఇంగ్లండ్ మనుషులు పిచ్చాపాటీకి "క్రాక్" అనేవాళ్లు. ఆ మాట ఐర్లండ్ చేరింది. ఐరిష్ భాషలో దాని స్పెల్లింగ్ మార్చి రాశారు. ఆ కొత్త స్పెల్లింగ్‌తో మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చి, ఇప్పుడు స్నేహితులు, పాట, మాట, సరదా అన్నీ కలిసిన ఐరిష్ ఆనందానికి గుర్తుగా మారింది. ప్రాచీన ఐరిష్ మాటని నమ్మేవాళ్లు చాలామంది. అద్దెకెళ్లి సొంతింటివాడై తిరిగొచ్చిన ఇంగ్లీషు చప్పుడు అది.

క్రాక్ గాడు ఎక్కడివాడు?

తెలుగులో "వాడికి కాస్త క్రాక్" అంటే పిచ్చి. ఇంగ్లీషులోనూ ఈ భావం ఉంది, కానీ ఈ రూపంలో లేదు. అక్కడ "క్రాక్డ్" అనాలి, లేదా బ్రిటన్‌లో "క్రాకర్స్" అనాలి, వింత సిద్ధాంతాలు చెప్పేవాడైతే "క్రాక్‌పాట్". ఇందులో పాట్ అంటే కుండ కాదు, తల. తలకు బీట పడిందన్నమాట. మన బుర్ర కూడా కొబ్బరిచిప్పకూ తలకూ ఒకటే మాట కాబట్టి ఈ బొమ్మ మనకు బాగా అతుకుతుంది.

తెలుగులోకి వచ్చేటప్పుడు చివరి ముక్క రాలిపోయి ఉట్టి "క్రాక్" మిగిలింది. ఇక్కడే గమ్మత్తు. "క్రాక్ ఆఫీసర్" అని తెలుగువాడు వింటే తిక్క ఉన్న ఆఫీసరు కనిపిస్తాడు. ఇంగ్లీషువాడికి పనిలో మేటి ఆఫీసరు కనిపిస్తాడు. ఒకటి తలకు పడ్డ పగులు నుంచి వచ్చింది, ఇంకోటి నోటి గొప్పల నుంచి. ఇది తప్పు వాడుక అని నేననను. అరువు తెచ్చుకున్న మాటకు అర్థం తెచ్చుకున్నవాడే నిర్ణయిస్తాడు. ఇంగ్లీషు వాక్యంలో ఆ తెలుగు క్రాక్‌ను పెట్టినప్పుడే తంటా.

ఇంతకీ ఇది చప్పుడులా వినిపిస్తోందా?

చివరగా ఒక పాత వివాదం. క్రాక్ అన్న మాట నిజంగా ఆ చప్పుడును అనుకరిస్తోందా, లేక అలవాటు వల్ల మనకలా అనిపిస్తోందా?

అనుకరిస్తోంది అనేవాళ్లు నోటి కదలికను చూపిస్తారు. చివరి "క్" దగ్గర గాలి టక్కున ఆగిపోతుంది, చప్పుడు ఆగినట్టే. అదే మొదలు ఉంచి చివర మార్చి "క్రాష్" అంటే ఆ "ష్" సాగుతుంది, ముక్కలు నేలమీద చెల్లాచెదురైనట్టు. చివర "ల్" చేర్చి "క్రాకిల్" అంటే ఒకే పెద్ద చప్పుడు చాలా చిన్న చప్పుళ్లుగా మారుతుంది, మంటలో పుల్లలు చిటపటలాడినట్టు. మనం ఫట్‌ను ఫటఫట అని రెట్టించి చేసే పనిని ఇంగ్లీషు ఆ చిన్న తోకతో చేస్తుంది. క్రంచ్, క్రీక్, క్రోక్ అన్నీ "క్ర"తోనే మొదలవడం కూడా ఊరికే కాదంటారు. ఇలా విడిగా అర్థం లేకపోయినా ఒక భావాన్ని మోసే ధ్వని ముక్కలకు బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్.ఫర్త్ 1930లో "ఫోనెస్తీమ్" అని పేరు పెట్టారు.

అనుమానించేవాళ్ల దగ్గరా సరుకుంది. చప్పుడు ఒక్కటే అయినప్పుడు తెలుగువాడికి ఫెళ్లుమని, ఇంగ్లీషువాడికి క్రాక్ అని ఎందుకు వినిపించింది? అందరూ విన్నదాన్ని తమ భాషలో ఉన్న అక్షరాల్లోకి ఒంపుకుంటారు కాబట్టి. "క్రీమ్", "క్రౌన్", "క్రెడిట్" కూడా "క్ర"తోనే మొదలవుతాయి, వాటిలో ఏ చప్పుడూ లేదు. మాటకూ అర్థానికీ సహజ బంధం లేదని వాదించిన స్విస్ భాషావేత్త సోస్యూర్, ధ్వన్యనుకరణాలు కూడా కాలంతో పాటు అరిగిపోయి మామూలు మాటలైపోతాయన్నారు. క్రాక్ చరిత్రలో ఆయన మాటకు సాక్ష్యం కావలసినంత ఉంది. "పరీక్ష క్రాక్ చేశాడు" అన్నప్పుడు ఎవరి చెవిలోనూ ఏదీ ఫెళ్లుమనదు.

ఆయన పోయాక, 1916లో శిష్యుల నోట్సు ఆధారంగా అచ్చయిన ఆయన పాఠాల్లో ఒక ఉదాహరణ ఉంది. ఫ్రెంచిలో కొరడాను "ఫువే" అంటారు. పలికితే చాలు, గాలిని చీల్చుకుంటూ కొరడా దూసుకెళుతున్నట్టే ఉంటుంది. దాని పుట్టుక వెతుక్కుంటూ లాటిన్ దాకా వెళితే అక్కడ దొరికేది "ఫాగుస్". అది చప్పుడు కాదు, ఒక అడవి చెట్టు పేరు.